వియంటియాన్‌లో ఆసియాన్ వారం

2024 అక్టోబరు 7, సోమవారం

బ్యాంకాక్‌లో రాత్రి ఎక్కిన రైలు తెల్లవారాక నోంగ్ ఖాయ్‌లో ఆగింది. థాయిలాండ్ వైపు ఆఖరి స్టేషను ఇదే కనుక ప్రయాణికులమంతా దిగి, పాస్‌పోర్టుల మీద ముద్రలు వేయించుకొని, మళ్ళీ రైలెక్కి మెకాంగ్ మీది మొదటి స్నేహ వంతెన వైపు సాగాం. ఆస్ట్రేలియా ఆర్థిక సహాయంతో కట్టి 1994 ఏప్రిల్‌లో ప్రారంభించిన ఈ వంతెన పొడవు 1,170 మీటర్లు. రైలు పట్టాలు రోడ్డు నడిమధ్యనే ఉండటం వల్ల రైలు దాటేంతసేపూ లారీలు, బస్సులు రెండు ఒడ్డులా ఆగిపోవలసిందే. వంతెన సగం వరకు థాయి జెండాలు, అక్కడి నుంచి లావో జెండాలు కట్టి ఉన్నాయి. కింద నది ఎర్రమట్టి రంగుతో నిండుగా పారుతోంది. నెల రోజుల కిందటే యాగి తుపాను ఉత్తర లావోస్‌ను వరదల్లో ముంచింది. ఆ నీరు దిగువకు వచ్చి రాజధాని దగ్గర కూడా మెకాంగ్ ప్రమాద స్థాయికి చేరింది. ఆ వరద తీసి మూడు వారాలైనా కాకముందే పది దేశాల నాయకులను, వారితో పాటు అమెరికా, చైనా, రష్యా, భారత్, జపాన్ ప్రతినిధులను ఆహ్వానించి కూర్చోబెట్టవలసిన బాధ్యత ఈ దేశం మీద పడింది.

ఆ బాధ్యతను చూడటానికే నేను వచ్చాను. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌కు 2024లో అధ్యక్ష స్థానం లావోస్‌ది. కూటమి 44వ, 45వ శిఖరాగ్ర సమావేశాలు ఈ వారం వియంటియాన్‌లో వెంటవెంటనే జరిగి, శుక్రవారం నాడు వచ్చే ఏడాది అధ్యక్షత లాంఛనంగా మలేషియా చేతికి వెళ్తుంది. నా దగ్గర విలేకరి గుర్తింపు కార్డు లేదు, సభా భవనంలోకి ప్రవేశం లేదు. జనాభా 75 లక్షలకు కొంచెం పైగా ఉన్న దేశం, అందులోనూ అప్పుల భారంతో సతమతమవుతున్న దేశం, ఇంత పెద్ద పెద్దరికాన్ని ఎలా మోస్తుందో వీధిలో నిలబడి చూడాలన్నదే నా కోరిక.

బ్యాంకాక్ నుంచి వియంటియాన్‌కు నేరుగా నడిచే రైలు ఈ జూలైలోనే మొదలైంది. అనుసంధానాన్ని, ఒడిదుడుకులను తట్టుకునే శక్తిని పెంచుకోవడం ఈ ఏడాది ఆసియాన్‌కు లావోస్ పెట్టిన నినాదం. చైనా, వియత్నాం, కంబోడియా, థాయిలాండ్, మయన్మార్ చుట్టూ ఉండగా, ఆగ్నేయాసియాలో సముద్రతీరం లేని ఏకైక దేశానికి అనుసంధానం అనేది ఉపన్యాసాల కోసం ఎంచుకున్న మాట కాదు. ఇక్కడికి వచ్చే ఉప్పు, పెట్రోలు, సిమెంటు, ఫోను ఏదైనా ఎవరో ఒక పొరుగువాడి నేల మీదుగా రావలసిందే.

అక్టోబరు 8, మంగళవారం

ఉదయం వసతిగృహం పక్క వీధిలో ఖావ్ పియాక్ అనే వేడివేడి సేమ్యా పులుసు తిని, పటూసాయ్ విజయతోరణం దాకా నడిచాను. విమానాశ్రయ రన్‌వే కోసం అమెరికా ఇచ్చిన సిమెంటుతో 1960లలో దీన్ని కట్టారన్న సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. తోరణం నుంచి అధ్యక్ష భవనం దాకా సాగే లాన్‌సాంగ్ వీధిలో పది దేశాల జెండాలు వరసగా ఎగురుతున్నాయి. వాటి మధ్య ఆసియాన్ నీలి జెండా. దాని మీది చిహ్నంలో పది వరి కంకులను ఒక కట్టగా కట్టి ఉంచారు. వరి తినే ప్రాంతానికి ఇంతకంటే తగిన గుర్తు నాకు తోచదు.

నా మనసు ఆగింది మాత్రం నది ఒడ్డున ఉన్న చావో అనువాంగ్ విగ్రహం దగ్గర. పందొమ్మిదో శతాబ్దం తొలి భాగంలో సయాం, అంటే నేటి థాయిలాండ్, ఆధిపత్యం మీద తిరగబడిన చివరి వియంటియాన్ రాజు ఆయన. ఆ తిరుగుబాటు ఓడిపోయాక, 1828లో సయాం సైన్యం ఈ నగరాన్ని నేలమట్టం చేసి జనాన్ని నది అవతలికి తరలించుకుపోయింది. ఈశాన్య థాయిలాండ్‌లో నేడు లావో భాష మాట్లాడేవారు లావోస్‌లోని వారికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండటానికి ఆ తరలింపులు కూడా ఒక కారణం. అనువాంగ్ కట్టించిన సీసకేత్ ఆలయం ఆ విధ్వంసంలో మిగిలి, ఇప్పటికీ నిలబడి ఉంది. దానికి ఎదురుగానే హో ఫ్రా కేవ్ ఉంది. నేడు బ్యాంకాక్ రాజప్రాసాద ఆలయంలో పూజలందుకుంటున్న మరకత బుద్ధుడు ఒకప్పుడు కొలువై ఉన్నది ఇక్కడే. 1779లో సయాం సేనలు ఆ విగ్రహాన్ని తీసుకుపోయాయి.

కంచు రాజు ఒక చేత కత్తి పట్టుకొని, రెండో చెయ్యి నది వైపు, అంటే థాయిలాండ్ వైపు చాచి నిలబడి ఉన్నాడు. ఆ చాచిన చెయ్యిని స్నేహంగా చూడాలో హెచ్చరికగా చూడాలో విగ్రహం పక్కన చెరకురసం అమ్ముతున్న యువకుణ్ణి అడిగితే, తన చిన్నమ్మ అవతలి ఒడ్డునే ఉంటోందని, ఆదివారాలు వెళ్ళి వస్తుంటానని మాత్రం చెప్పాడు. ఈ వారమే థాయిలాండ్ ప్రధాని పేతోంగ్‌తాన్ షినవత్ర తన తొలి ఆసియాన్ శిఖరాగ్ర సభకు ఈ నగరానికే వస్తున్నారు. సభాధ్యక్షులుగా ఆమెకు స్వాగతం పలికేది లావో ప్రధాని సోనెక్సాయ్ సిఫాండోన్. ఆసియాన్ ఏం సాధించిందని అడిగేవారికి ముందుగా నేను చూపించదలచినది ఇదే. ఒకరి రాజధానిని ఒకరు తగలబెట్టుకున్న చరిత్ర గల పొరుగువారు ఇప్పుడు అక్షర క్రమంలో వంతులు పంచుకొని, ఎవరి వంతు వస్తే వారి ఇంట్లో కూర్చొని మాట్లాడుకుంటున్నారు.

అక్టోబరు 9, బుధవారం

ఈ రోజు జాతీయ సమావేశ మందిరంలో శిఖరాగ్ర సమావేశాలు మొదలయ్యాయి. ఆ వైపు రోడ్లు మూసేశారు. నల్ల కార్ల వరుసలు వెళ్తున్నప్పుడు మిగిలిన కూడళ్ళలో కూడా స్కూటర్లు ఆగిపోయి, పోలీసు చెయ్యి దించగానే మళ్ళీ కదిలాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. ప్రారంభ కార్యక్రమం టీవీలో వస్తుంటే, మా వసతిగృహం యజమానురాలు, పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయిని, పని ఆపి చూస్తూ కూర్చున్నారు. ఆమెకు ఇది మూడోసారి. 2004లో లావోస్ మొదటిసారి ఆతిథ్యం ఇచ్చినప్పుడు నగరంలో పెద్ద హోటళ్ళు సరిపోయినన్ని లేవని, 2016లో రెండోసారి జరిగినప్పుడు అధికారంలో ఉన్న అమెరికా అధ్యక్షుడు మొదటిసారిగా తమ దేశానికి వచ్చారని గుర్తు చేసుకున్నారు.

అధ్యక్షత అనే పదవిలో అసలు అధికారం ఎంత ఉందో ఇక్కడ చెప్పుకోవాలి. 1967 ఆగస్టు 8న బ్యాంకాక్‌లో ఇండోనేషియా, మలేషియా, ఫిలిప్పీన్స్, సింగపూర్, థాయిలాండ్ కలిసి ఆసియాన్‌ను స్థాపించాయి. తరువాత బ్రూనై 1984లో, వియత్నాం 1995లో, లావోస్, మయన్మార్ 1997 జూలైలో ఒకే రోజున, కంబోడియా 1999లో చేరాయి. 2008 డిసెంబరు నుంచి అమలులో ఉన్న కూటమి నిబంధనావళి ప్రకారం అధ్యక్షత ఏడాదికొకసారి సభ్యదేశాల ఆంగ్ల నామాల అక్షర క్రమంలో మారుతుంది. నిర్ణయాలన్నీ ఏకాభిప్రాయంతోనే జరగాలి, ఓటింగు లేదు. కాబట్టి అధ్యక్ష దేశం ఎవరినీ ఆదేశించలేదు, ఎవరినీ శిక్షించలేదు. పెళ్ళిలో పెళ్ళిపెద్దకు ఉన్నంత అధికారమే దానికీ ఉంటుంది: ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి, ఏ మాట ముందు ఎత్తాలి, ఏ మాట పక్కగదిలో తేల్చుకోమనాలి, అలిగినవారిని ఎవరిచేత బుజ్జగించాలి అన్నవి దాని చేతిలో ఉంటాయి. చర్చాంశాల పట్టికను, ప్రకటనల చిత్తుప్రతిని రాసేది అధ్యక్ష దేశపు అధికారులే. పదిమంది ఒప్పుకునే వాక్యం దొరికేదాకా ఆ చిత్తు చేతులు మారుతూనే ఉంటుంది.

ఆ వాక్యం దొరకకపోతే ఏమవుతుందో 2012లో నోంపెన్‌లో అందరూ చూశారు. ఆ ఏడాది కంబోడియా అధ్యక్షతన జరిగిన విదేశాంగ మంత్రుల సమావేశం, దక్షిణ చైనా సముద్రం గురించిన పేరాపై తగవు తెగక, నలభై అయిదేళ్ళ చరిత్రలో మొట్టమొదటిసారి ఉమ్మడి ప్రకటన లేకుండానే ముగిసింది. చైనా మాట విని అధ్యక్ష దేశమే అడ్డుపడిందన్న అపవాదు కంబోడియాను చాలాకాలం వెంటాడింది. లావోస్‌కు కూడా చైనా అతిపెద్ద అప్పుల దాత. 2016 జూలైలో, ఆ సముద్రం మీది హక్కుల గురించి ఫిలిప్పీన్స్ వేసిన దావాలో అంతర్జాతీయ ట్రిబ్యునల్ చైనాకు వ్యతిరేకంగా తీర్పు చెప్పిన కొద్ది రోజులకే, వియంటియాన్‌లో విదేశాంగ మంత్రులు సమావేశమైనప్పుడు మళ్ళీ అదే జరుగుతుందని చాలామంది అనుకున్నారు. కానీ ప్రకటన వెలువడింది. అందులో ఆ తీర్పు ప్రస్తావన లేదని విమర్శించినవారి మాటలో న్యాయం ఉంది. అయినా ప్రకటన అసలు రాకుండా పోవడం కంటే అది మేలని, చిన్న దేశం అధ్యక్షతలో ఉన్నప్పుడు దాని మీద పడే ఒత్తిడిని తెలిసినవారు ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను.

ఈసారి లావోస్‌కు అంతకంటే కఠినమైన చిక్కు మయన్మార్. 2021 ఫిబ్రవరిలో అక్కడ సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక, ఏప్రిల్‌లో జకార్తాలో ఆసియాన్ నాయకులు హింసను ఆపడం, అన్ని పక్షాలతో చర్చలు, ప్రత్యేక దూత నియామకం, మానవతా సహాయం, ఆ దూత పర్యటన అనే అయిదు అంశాలపై ఏకాభిప్రాయానికి వచ్చారు. సైనిక ప్రభుత్వం దాన్ని అమలు చేయలేదు. ఆ ఏడాది అక్టోబరు నుంచి శిఖరాగ్ర సభలకు రాజకీయేతర ప్రతినిధిని మాత్రమే పంపాలని కూటమి షరతు పెడితే, సైన్యం ఎవరినీ పంపకుండా కుర్చీని ఖాళీగా వదిలేసింది. ఈ రోజు, మూడేళ్ళ తరువాత మొదటిసారిగా, విదేశాంగ శాఖ ఉన్నతాధికారి ఒకరు ఆ కుర్చీలో కూర్చున్నారు. దాన్ని లావోస్ నేర్పుగా చూడాలా, సైన్యానికి దొరికిన సందుగా చూడాలా అన్న ప్రశ్న నన్ను రోజంతా వదలలేదు. నా అభిప్రాయం మాత్రం ఇది: మాట్లాడటానికి ఎవరూ లేని ఖాళీ కుర్చీ వల్ల మయన్మార్ గ్రామాల మీద బాంబులు ఆగలేదు, మనిషి వచ్చి కూర్చున్నందువల్ల కూడా ఆగలేదు. సాక్షాత్తూ ఆ దేశంతో సరిహద్దు పంచుకుంటున్న లావోస్ తలుపు మూయకుండా ఉంచింది గానీ, ఆ తలుపులోంచి బాధితుల గొంతు కూడా లోపలికి రావడానికి దారి వెతకలేదు. ఈ అధ్యక్షతలో నాకు కనిపించిన లోటు అదే.

ఇంకొక సంగతి ఈ నగరానికి ప్రత్యేకంగా చెందినది. 2006లో అధ్యక్షత మయన్మార్‌కు రావలసి ఉండగా, పాశ్చాత్య దేశాల ఒత్తిడి మధ్య తన వంతును వదులుకుంటున్నట్టు ఆ దేశం ప్రకటించింది 2005 జూలైలో ఇక్కడే, లావోస్ మొదటి అధ్యక్షత చివరి రోజుల్లో. ఆ వంతును ఫిలిప్పీన్స్ తీసుకుంది. 2026లో కూడా అక్షర క్రమంలో మయన్మార్ వంతే. దాన్ని కూడా ఫిలిప్పీన్స్‌కే ఇవ్వాలని నాయకులు 2023 సెప్టెంబరులో జకార్తాలో నిర్ణయించారు. ఇరవై ఏళ్ళ తేడాతో అదే వంతు, అదే కారణంగా, అదే దేశానికి వెళ్ళింది.

అక్టోబరు 10, గురువారం

ఉదయం కోప్ సందర్శక కేంద్రానికి వెళ్ళాను. పేలకుండా మిగిలిన బాంబుల వల్ల కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవారికి కృత్రిమ అవయవాలు అమర్చే సంస్థ అది. 1964 నుంచి 1973 వరకు అమెరికా విమానాలు లావోస్ మీద 5,80,000 సార్లు దాడికి వచ్చి 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించాయి. క్లస్టర్ బాంబుల నుంచి రాలిన చిన్న గుండ్లు దాదాపు 27 కోట్లు. వాటిలో మూడోవంతు దాకా, అంటే సుమారు 8 కోట్లు, పేలకుండా మట్టిలోనే ఉండిపోయాయి. లోపలి గదిలో కప్పు నుంచి ఒక క్లస్టర్ బాంబు రెండుగా విచ్చుకొని వేలాడుతూ ఉంటుంది. దాని కింద వందలాది గుండ్లు సన్నని తీగలకు వేలాడుతుంటాయి. ఒక్కొక్కటి క్రికెట్ బంతి కంటే కాస్త చిన్నది. పొలంలో పారకు తగిలితే పిల్లవాడు ఎందుకు చేతిలోకి తీసుకుంటాడో దాన్ని చూశాక ఇంకెవరూ చెప్పనక్కరలేదు. మరో గోడ దగ్గర, కేంద్రం దాకా రాకముందు రైతులు తమకు తామే చెక్కతో, తుక్కు ఇనుముతో చేసుకొని ఏళ్ళ తరబడి వాడిన కృత్రిమ కాళ్ళను వరసగా ఉంచారు. వాటి అడుగుభాగాలు అరిగిపోయి ఉన్నాయి. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది ఆ గోడ దగ్గరే.

ఈ విషయంలో లావోస్ అంతర్జాతీయ వేదికల మీద చేసిన పని చిన్నది కాదు. క్లస్టర్ బాంబుల నిషేధ ఒప్పందం 2010లో అమలులోకి వచ్చాక, అందులోని దేశాల మొదటి సమావేశం ఆ నవంబరులో వియంటియాన్‌లోనే జరిగింది. ఐక్యరాజ్యసమితి పెట్టిన పదిహేడు సుస్థిర అభివృద్ధి లక్ష్యాలకు తోడుగా, పేలని బాంబుల నుంచి ప్రాణాలకు రక్షణ అనే పద్దెనిమిదో లక్ష్యాన్ని 2016లో ఈ దేశం తనకు తానే పెట్టుకుంది. అదే ఏడాది శిఖరాగ్ర సభకు వచ్చిన బరాక్ ఒబామా ఈ కేంద్రానికి వచ్చి, బాంబుల తొలగింపుకు మూడేళ్ళలో 9 కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటించారు. ఆతిథ్యం వల్ల ఒక పేద దేశానికి ఒనగూడే ప్రయోజనం ఇలాంటిది: తన గాయాన్ని దానికి కారకులైనవారికి తన ఇంట్లోనే చూపించగల సందర్భం. అయితే ఆసియాన్‌లోనే ఆ ఒప్పందంలో చేరినవి లావోస్, ఫిలిప్పీన్స్ మాత్రమే. అధ్యక్ష దేశంగా ఉండి కూడా లావోస్ తోటి సభ్యులను అందులోకి తేలేకపోవడం, ఏకాభిప్రాయం మీద నడిచే కూటమిలో అధ్యక్షత హద్దు ఎక్కడో తెలుపుతుంది.

మధ్యాహ్నానికి భారత ప్రధాని నరేంద్ర మోదీ నగరానికి చేరుకున్నారు. 21వ ఆసియాన్-భారత్ శిఖరాగ్ర సభ ఈ రోజే జరిగింది. 2025ను ఆసియాన్-భారత్ పర్యాటక సంవత్సరంగా జరపాలన్నది అందులోని నిర్ణయాల్లో ఒకటి. పొరుగు తూర్పు దేశాలతో సంబంధాలకు ఇప్పుడు వాడుతున్న 'యాక్ట్ ఈస్ట్' అన్న పేరును ఆయన 2014లో ప్రకటించింది కూడా ఒక ఆసియాన్ సభలోనే, అదీ మయన్మార్ అధ్యక్షతన నేపిడాలో. ఆ విధానానికి పునాది వేసినవారు మాత్రం మన పి.వి. నరసింహారావు గారు. సోవియట్ యూనియన్ కూలిపోయి, మన ఖజానాలో విదేశీ మారకం అడుగంటిన రోజుల్లో, తూర్పు వైపు చూడాలని ఆయన నిశ్చయించారు. 1992లో భారత్ ఆసియాన్‌కు కొన్ని రంగాలకు పరిమితమైన చర్చా భాగస్వామి అయింది. నాలుగేళ్ళలో పూర్తి భాగస్వామి అయింది. 2002 నుంచి శిఖరాగ్ర స్థాయిలో సభలు జరుగుతున్నాయి. లాతూరు నుంచి లాస్ ఏంజెలిస్ దాకా తెలుగువాళ్ళు పీవీ ఆర్థిక సంస్కరణలను తలచుకుంటారు గానీ, ఆయన విదేశాంగ దూరదృష్టిని అంతగా తలచుకోరు. వియంటియాన్ వీధుల్లో పది జెండాల పక్కన మువ్వన్నెల జెండా చూసినప్పుడు నాకు ఆ లోటు బాధ కలిగించింది.

అక్టోబరు 11, శుక్రవారం

తూర్పు ఆసియా శిఖరాగ్ర సభ ఉదయం జరిగింది. ఆసియాన్ దేశాలతో పాటు అమెరికా, రష్యా, చైనా, భారత్, జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఒకే బల్ల చుట్టూ కూర్చునే సభ ఇది. ఉక్రెయిన్, గాజా యుద్ధాలు సాగుతున్న ఏడాదిలో, అమెరికా విదేశాంగ మంత్రి, రష్యా విదేశాంగ మంత్రి ఒకే గదిలో ఉన్న సభకు అధ్యక్షత వహించడం లావోస్ వంటి దేశానికి ఎంత బరువో ఊహించుకోవచ్చు. ఉమ్మడి రాజకీయ ప్రకటనకు అంగీకారం కుదరలేదు. అమెరికా, దాని మిత్రదేశాలు అడ్డుపడ్డాయని రష్యా మంత్రి లావ్రోవ్ ఆరోపించారు. అందరి సంతకం దొరకనప్పుడు మిగిలే సాధనం అధ్యక్ష ప్రకటన. జరిగిన చర్చను అధ్యక్ష దేశం తన మాటల్లో, తన బాధ్యత మీద రాస్తుంది. ముందు రోజు చైనాతో జరిగిన సభలో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ సముద్ర వివాదాన్ని సూటిగా లేవనెత్తిన సంగతి తెలిసినదే. ఈ ఘర్షణలన్నీ బయటపడి కూడా ఎవరూ సభ విడిచి వెళ్ళలేదన్నది నా దృష్టిలో లావో అధికారులకు దక్కవలసిన గౌరవం.

సాయంత్రం మెకాంగ్ కట్ట మీద చిన్న భోజనశాలలో కూర్చొని అధ్యక్షత అప్పగింత చూశాను. బుట్టలో బంక అన్నం, బొప్పాయి పచ్చడి ముందు పెట్టుకొని జనం టీవీ వైపు తిరిగారు. ప్రధాని సోనెక్సాయ్ అధ్యక్షతకు గుర్తయిన చెక్క సుత్తిని మలేషియా ప్రధాని అన్వర్ ఇబ్రహీం చేతికి అందించారు. అన్వర్ దాన్ని అందుకోగానే చప్పట్లు మోగాయి. పక్క బల్ల దగ్గరి ఇద్దరు యువకులు కూడా చప్పట్లు కొట్టారు. వారిలో ఒకడు విశ్వవిద్యాలయ విద్యార్థి. అతిథులకు దారి చూపే స్వచ్ఛంద సేవకుడిగా ఈ వారమంతా పనిచేశాడట. రోజుకు నాలుగు గంటలు నిద్రపోయానని, తన ఇంగ్లీషు ఈ ఏడాదిలో మెరుగైనట్టు ఇంకెప్పుడూ కాలేదని చెప్పాడు. చదువు ముగిశాక థాయిలాండ్ వెళ్ళి పని చూసుకుంటావా అని అడిగితే కొంతసేపు ఆలోచించి, లావో కరెన్సీ కిప్ విలువ ఇలాగే ఉంటే వెళ్ళక తప్పదన్నాడు. డాలరుకు ఇప్పుడు 20,000 కిప్‌లు దాటాయి. కొన్నేళ్ళ కిందట తొమ్మిది వేలే. సభలో నాయకులు మాట్లాడే ఒడిదుడుకులను తట్టుకునే శక్తి ఈ కుర్రాడి జీతంలోకి వచ్చినప్పుడే ఈ నినాదానికి అర్థం ఏర్పడుతుంది.

అక్టోబరు 12, శనివారం

లావోస్-చైనా రైలులో లువాంగ్ ప్రబాంగ్ వచ్చాను. వియంటియాన్ నుంచి బోటెన్ సరిహద్దు దాకా 414 కిలోమీటర్ల ఈ మార్గం 2021 డిసెంబరులో మొదలైంది. ఒకప్పుడు కొండదారిలో బస్సు మీద పగలంతా పట్టే ప్రయాణం ఇప్పుడు రెండు గంటల లోపు ముగుస్తుంది. వాంగ్ వియెంగ్ దాటాక సొరంగం వెనుక సొరంగం. మధ్యమధ్య క్షణకాలం మాత్రం సున్నపురాతి కొండలు, వరిమళ్ళు కనిపించి మాయమవుతాయి. దీనికి దాదాపు 600 కోట్ల డాలర్లు ఖర్చయింది. నడుపుతున్న కంపెనీలో లావోస్ వాటా 30 శాతం, మిగిలినది చైనా సంస్థలది. దేశపు ప్రభుత్వ రుణం వార్షిక జాతీయోత్పత్తిని మించిపోయిన పరిస్థితిలో ఈ రైలు వరమా భారమా అని ఇక్కడివారిని అడిగితే రెండూ అంటారు. నా పక్క సీటులోని పుట్టగొడుగుల వ్యాపారి మాత్రం సరుకు ఇప్పుడు చెడిపోకుండా చేరుతోందని సంతోషించాడు.

అనుసంధానానికి ఇంకో ఉదాహరణ కంటికి కనిపించనిది. 2022 జూన్ నుంచి లావోస్ జలవిద్యుత్తు థాయిలాండ్, మలేషియా తీగల మీదుగా సింగపూర్ చేరుతోంది. మొదట 100 మెగావాట్ల దాకా అనుమతించారు. నాలుగు దేశాలు కలిసి విద్యుత్తు పంచుకోవడం ఆసియాన్‌లో అదే మొదలు. ఆ విద్యుత్తు కోసం మెకాంగ్ మీద కడుతున్న ఆనకట్టల్లో ఒకటి ఈ లువాంగ్ ప్రబాంగ్‌కు ఎగువనే ఉంది. 1995 నుంచి ప్రపంచ వారసత్వ పట్టణమైన ఈ ఊరికి, నదికి అది ఏం చేస్తుందోనన్న భయం నాలోనూ ఉంది.

రాత్రి పాత రాజప్రాసాద ప్రాంగణంలోని నాట్యశాలలో లావో రామాయణం ఫ్రా లక్ ఫ్రా రామ్ చూశాను. గురువారం నాడు వియంటియాన్‌లో భారత ప్రధాని ముందు ప్రదర్శించినది కూడా ఈ ఊరి కళాకారులే. ఇక్కడ రామకథ బుద్ధుని పూర్వజన్మ కథ. జరిగింది కూడా మెకాంగ్ లోయలోనే. హనుమంతుడు వేషం కట్టిన కుర్రవాడు చేతి వేళ్ళను వెనక్కి వంచుతూ, మోకాళ్ళ మీద కూర్చొని, ముసుగు కళ్ళ రంధ్రాల్లోంచి సీతమ్మ వైపు చూసే చూపులో భక్తి స్పష్టంగా తెలిసింది. తోలుబొమ్మలాటలో మన హనుమంతుడు గంతులు వేస్తాడు; ఇతను నెమ్మదిగా, నీటిలో నడిచినట్టు కదిలాడు. భారత్ ఈ దేశంతో చెప్పుకునే నాగరిక బంధం ప్రసంగాల్లో పాతబడిన మాటగా తోచవచ్చు గానీ, ఆ వేదిక ముందు కూర్చుంటే అది సత్యమే.

అక్టోబరు 13, ఆదివారం

ఈ ఏడాది జనవరి 29న లావోస్ అధ్యక్షతన విదేశాంగ మంత్రుల తొలి సమావేశం ఈ ఊరిలోనే జరిగింది. తెల్లవారుజామున భిక్షువులకు బంక అన్నం వేసే స్త్రీల వరుస చూసి, 1560 ప్రాంతంలో సేతథిరాత్ రాజు కట్టించిన సియెంగ్ థోంగ్ ఆలయానికి నడిచాను. దాని కప్పు మూడంతస్తులుగా నేలను తాకేంత కిందికి వాలి ఉంటుంది. ఆలయం మెట్ల మీద ఒక పెద్దాయన, ఆయన భార్య కూర్చొని ఉన్నారు. నా ఫోను మోగితే నేను తెలుగులో మాట్లాడటం విని, "ఏ ఊరండీ మీది?" అని పలకరించారు. ఆయన మలేషియా తెలుగువారు, పెరాక్ రాష్ట్రంలో స్థిరపడ్డ కుటుంబం. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వెళ్ళారట. మాటల్లో సుత్తి సంగతి వచ్చింది.

"ఇక మా వంతండీ," అన్నారాయన. "గట్టిగా పని చేయవలసిన ఏడాది. మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలు మా ఊళ్ళోనే ఎంతమంది ఉన్నారో తెలుసా? లావోస్‌కు ఆ సమస్య దూరాన ఉంది. మాకు ఇంటి గుమ్మంలోకి వచ్చేసింది."

ఆయన చెప్పినది నిజం. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ దగ్గర మలేషియాలో నమోదైన సుమారు 1,90,000 మందిలో అత్యధికులు మయన్మార్ నుంచి వచ్చినవారే. లావోస్ ఏడాదంతా అందరినీ గదిలో నిలిపి ఉంచింది. ఆ గదిలో కూర్చున్నవారి మీద ఒత్తిడి పెంచగల బలం, అందుకు సొంత కారణం మలేషియాకు ఉన్నాయి. అధ్యక్షత డిసెంబరు 31 దాకా లావోస్‌దే. ఆ లోపు మయన్మార్ గురించి థాయిలాండ్ పిలిచిన అనధికార చర్చలు కూడా జరగవలసి ఉన్నాయి. జనవరి నుంచి అన్వర్ ప్రభుత్వం ఎవరిని దూతగా పంపుతుంది, ఆ దూత సైన్యంతోనే కాక ప్రతిఘటన పక్షాలతో కూడా కూర్చుంటాడా అన్న విషయం మీద మేమిద్దరం ఎండ పైకెక్కే దాకా మాట్లాడుకున్నాం. కూర్చోవాలనే ఆయన పట్టు, నాదీ అదే. తిమోర్-లెస్తె కూడా చేరితే పదకొండు దేశాలవుతాయి, లావోస్ నాలుగో వంతు ఇంకో ఏడాది వెనక్కి జరుగుతుందని ఆయన భార్య వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారు.